నాలుగు గీతల గుండె

తెలుగు పేపర్లో "15న సభ" అని ఉంటే మనం "పదిహేనున సభ" అని చదువుకుంటాం. "3గురు" అని రాస్తే "మూడుగురు" అనం, "ముగ్గురు" అంటాం. బడి గోడ మీద "1వ తరగతి" అని ఉంటే, చదివేవాళ్ళ ఊరిని బట్టీ వయసుని బట్టీ అది "ఒకటవ" కావచ్చు, "ఒకటో" కావచ్చు, "మొదటి" కూడా కావచ్చు. ఆ 15, 3, 1 అనే గుర్తుల్లో తెలుగు శబ్దం ఏదీ లేదు. వాటినే తమిళులు తమిళంలో, మరాఠీవాళ్ళు మరాఠీలో చదువుకుంటారు. పక్కన అతికించిన "న", "గురు", "వ" మాత్రం అచ్చ తెలుగువి. ముందు అర్థం చెప్పే గుర్తు, దాని తోకగా శబ్దం చెప్పే అక్షరం. రెండూ కలిస్తేనే మాట. రోజూ చేస్తున్న పనే కాబట్టి మనం దీన్ని గమనించం.

ఇప్పుడు అంకెల్నే కాదు, భాష మొత్తాన్నీ ఇలాగే రాయాల్సి వచ్చిందనుకోండి. చెట్టుకో గుర్తు, నీటికో గుర్తు, వెళ్ళడానికో గుర్తు. ఆ గుర్తులన్నీ మన భాషతో ఏ చుట్టరికమూ లేని ఇంకో భాష కోసం పుట్టినవి. మన విభక్తుల్ని రాయడానికి వాటిలో ఏ ఏర్పాటూ లేదు. పైగా "న", "వ" లాంటి అక్షరాలు అసలింకా పుట్టనే లేదు. అప్పుడేం చేస్తాం?

కొరియా, జపాన్ వాళ్ళు కొన్ని వందల ఏళ్ళు పడ్డ అవస్థ ఇదే. వియత్నాం వాళ్ళది కాస్త వేరే అవస్థ. "చైనా లిపి తూర్పు ఆసియా అంతటా వ్యాపించింది" అని చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. కొండ, నది, రాజు, పుస్తకం లాంటి పెద్ద మాటల విషయంలో ఆ వాక్యం సరిపోతుంది. "లో", "కి", "చేత", "అంటే", "కదా" లాంటి చిన్న మాటలే ఎక్కడా ఇమడలేదు. ఆ దేశాల లిపి చరిత్రంతా ఈ చిన్న మాటల్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న గొడవే. వాటికి చోటు దొరికిన రోజున సాహిత్యంలోకి కొత్త మనుషులు వచ్చారు. అందుకే ఇది వ్యాకరణం గొడవతో ఆగిపోలేదు.

చైనీస్ భాషకి ఆ లిపి కొలతలు తీసి కుట్టించుకున్న చొక్కా. ఒక అక్షరం, ఒక పలుకు, చాలావరకు ఒక మాట. నిన్న తిన్నా, రేపు తిన్నా, నేను తిన్నా, వాళ్ళు తిన్నా "తిను" అన్న మాట రూపం మారదు. విభక్తి ప్రత్యయాలు లేవు. ఇది బొమ్మల లిపి అని చాలామంది అనుకుంటారు, అది సగం కూడా నిజం కాదు. ఆ అక్షరాల్లో ఎక్కువ భాగం రెండు ముక్కల అతుకులు. ఒక ముక్క అర్థాన్ని సూచిస్తుంది, రెండో ముక్క శబ్దాన్ని. అమ్మని "మా" అంటారు. ఆ అక్షరంలో ఎడమ పక్క స్త్రీ, కుడి పక్క గుర్రం. అమ్మకీ గుర్రానికీ ఏం సంబంధం? ఏమీ లేదు, గుర్రాన్ని కూడా వేరే స్వరంలో "మా" అనే అంటారు, అంతే. చైనీస్ వచ్చినవాడికి ఇది చక్కటి కొండగుర్తు. రానివాడికి అమ్మ పక్కన గుర్రం ఎందుకు నిలబడిందో ఎప్పటికీ అర్థం కాదు. అంటే ఈ లిపి ఎల్లలు దాటగానే అందులో సగం మూగబోతుంది.

ఒక్క అక్షరాన్ని పట్టుకుని వెళ్దాం. గుండె. నాలుగే గీతలు. ఒకప్పుడు గుండె బొమ్మే, తర్వాత ఒక వంపు, చుట్టూ మూడు చుక్కలుగా మిగిలింది. నేటి చైనీస్‌లో "షిన్". గుండెకీ మనసుకీ రెండింటికీ అదే. దీన్ని మనం తెలుగుకి తెచ్చుకుంటే "హృదయం" అని చదవొచ్చు, "గుండె" అని కూడా చదవొచ్చు. "గుండెలో" అని రాయాలంటే? గుర్తు పెట్టి, చైనీస్‌లో "లో" అని వినిపించే ఇంకో అక్షరం వెతికి పక్కన పెట్టాలి. ఆ రెండో అక్షరానికి దాని సొంత అర్థం ఒకటి ఉంటుంది, దాన్ని చదివేవాడు మర్చిపోవాలి. ఇంత చేసినా అది "గుండెలో"నా, "హృదయంలో"నా అన్నది తేలదు. తేలాలంటే మధ్యలో "డె" అని పలికే మరో అక్షరం ఇరికించాలి. నాలుగు గీతల గుండె కాస్తా ఒక రైలుబండి అవుతుంది. ఈ రైలుబండి తర్వాత కొరియాలో నిజంగానే కనిపిస్తుంది, గుర్తు పెట్టుకోండి.

అర్థాన్ని పక్కన పెట్టి శబ్దం కోసం మాత్రమే అక్షరాన్ని వాడుకోవడం ఎవరికి తట్టింది? ముందు చైనావాళ్ళకే తట్టింది, అదీ మన దగ్గరి నుంచి వెళ్ళిన మాటల వల్ల. బౌద్ధ గ్రంథాల అనువాదంలో బుద్ధుడు, బోధిసత్త్వుడు, ప్రజ్ఞ, నిర్వాణం లాంటివి వచ్చినప్పుడు చాలాచోట్ల వాళ్ళు అర్థాన్ని తర్జుమా చెయ్యకుండా శబ్దాన్నే అక్షరాల్లో పేర్చారు. బోధిసత్త్వ అరిగిపోయి నేటి చైనీస్‌లో "పూసా" అయింది. ఆ రెండు అక్షరాలకీ విడివిడిగా ఏవో అర్థాలున్నా ఎవరూ పట్టించుకోరు. సంస్కృతాన్ని ఇలా రాయొచ్చంటే మా ఊరి పేర్లనీ, మా రాజు పేరునీ ఎందుకు రాయకూడదని పొరుగువాళ్ళకి అనిపించడం సహజం. జపాన్‌లో ఇనారియామా సమాధి దిబ్బలో దొరికిన ఒక ఇనుప కత్తి మీద బంగారంతో పొదిగిన శాసనం ఉంది. తవ్వకంలో కత్తి బయటపడింది 1968లో. పదేళ్ళ తర్వాత ఎక్స్-రే తీస్తే కాని తుప్పు కింద అక్షరాలు కనబడలేదు. వాక్యాలు చైనీస్, మనుషుల పేర్లు మాత్రం జపనీస్ శబ్దాలు. దాని కాలం 471 అని ఎక్కువమంది పండితుల లెక్క. మొదట పేర్లు దూరాయి. కొత్త లిపిలోకి ఏ భాషైనా అలాగే వస్తుందనుకుంటా, ముందు పేరు రాసుకుంటారు.

రాయడం సంగతి తర్వాత, చదవడంలోనే ఒక చిత్రం జరిగింది. చైనీస్‌లో క్రియ ముందు, కర్మ తర్వాత: "చదువు పుస్తకం". కొరియన్, జపనీస్ భాషల్లో మనలాగే క్రియ చివర్న. చైనీస్ పుస్తకం ముందు పెట్టుకుని భిక్షువులు దాన్ని తమ భాషలోనే పైకి చదివేవాళ్ళు. ఎక్కడ వెనక్కి తిరగాలో, ఏ అక్షరం తర్వాత ఏది చదవాలో, ఎక్కడ ఏ విభక్తి తగిలించుకోవాలో చిన్నచిన్న చుక్కలు, గీతలు, అంకెలతో పక్కన గుర్తులు పెట్టుకునేవాళ్ళు. కొన్ని ప్రతుల్లో ఆ గుర్తులకి సిరా కూడా వాడలేదు, మొనదేలిన పుల్లతో కాగితం మీద నొక్కారు. వెలుతురు ఏటవాలుగా పడితేనే కనిపిస్తాయి. బళ్ళో పద్యం మీద పెన్సిల్‌తో 1, 2, 3 అని అన్వయక్రమం వేసుకుని ప్రతిపదార్థం చెప్పినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. తేడా ఏమిటంటే మన పద్యాన్ని ముందు పద్యంలాగే పాడతాం, తర్వాత అన్వయిస్తాం. వాళ్ళు మూలాన్ని మూలభాషలో వినకుండానే, కళ్ళతో చైనీస్ చూస్తూ నోటితో జపనీస్ చదివేవాళ్ళు. అది అనువాదమా, చదవడమా? ఈ ప్రశ్న వాళ్ళకి వచ్చినట్టు లేదు. గుర్తు ఒకటే అయినప్పుడు అది ఎవరి భాష అన్న సరిహద్దు నెమ్మదిగా చెరిగిపోతుంది.

711లో జపాన్‌లో ఓ నో యసుమరో అనే అధికారి చేతికి ఒక పెద్ద పని వచ్చింది. దేశపు పురాణగాథలూ రాజవంశాల కథలూ హియెదా నో అరే అనే ఒకరి జ్ఞాపకంలో ఉన్నాయి. వాటిని రాసిపెట్టమని గెమ్మెయి చక్రవర్తిని ఆజ్ఞ. అదే కొజికి అన్న గ్రంథం. దాని పీఠికలో యసుమరో తన బాధ చెప్పుకున్నాడు. అన్నీ అర్థాన్ని బట్టి రాస్తే మాటలు మనసుకి ఆనడం లేదు, అన్నీ శబ్దాన్ని బట్టి రాస్తే చేంతాడంత అవుతోంది. మనసుకి జపనీస్ మాట "కొకొరొ". అర్థంతో రాస్తే ఆ నాలుగు గీతల అక్షరం చాలు. కాని చదివేవాడు దాన్ని చైనీస్ పద్ధతిలో "షిన్" అనుకోవచ్చు, అప్పుడు అరే నోటి నుంచి వచ్చిన పాత మాట పోతుంది. శబ్దంతో రాస్తే "కొ", "కొ", "రొ" అని మూడు అక్షరాలు. ఒక్కోదానికి బోలెడు గీతలు. చివరికి యసుమరో కలగలుపుగా రాశాడు. కథ చెప్పేచోట అర్థంతో, పాటలూ దేవతల పేర్లూ వచ్చినచోట శబ్దంతో. అనుమానం వచ్చేచోట "ఈ అక్షరాల్ని శబ్దంగా చదవాలి" అని పక్కన చిన్న వివరణ. నాకు ఈ పీఠిక ఆ గ్రంథంలోని సృష్టికథ కన్నా ఎక్కువ నచ్చుతుంది. తన భాషని వేరేవాళ్ళ గుర్తుల్లో పెట్టబోతూ ఏది పోతుందో లెక్క చూసుకుంటున్న మనిషి కనిపిస్తాడు అందులో. 1979లో నారా దగ్గర ఒక తేయాకు తోటలో ఈయన సమాధి బయటపడింది, పేరు చెక్కిన రాగి రేకుతో సహా.

ఇంకొన్ని దశాబ్దాలకి మన్యోషూ అనే కవితా సంకలనం వచ్చింది. దాదాపు 4,500 కవితలు. దీన్ని రాసినవాళ్ళకి యసుమరో జాగ్రత్త లేదు సరికదా, లిపితో ఆటలాడే సరదా ఎక్కువ. జంతువుని వేటాడే సందర్భంలో "షిషి" అన్న మాట రాయాలి. "షి" అంటే నాలుగు కూడా. అందుకని "షిషి" అని రాయాల్సిన చోట పదహారు అని రాశారు, నాలుగు నాలుగులు పదహారు కదా! "కుకు" అన్న శబ్దానికి ఎనభై ఒకటి, తొమ్మిది తొమ్మిదులు. ఎక్కాలు వచ్చినవాడికే కవిత్వం. మరోచోట "బయటికి వెళ్ళు" అన్న అక్షరం రాయకుండా, దాని ఆకారం కొండ మీద కొండలా ఉంటుంది కాబట్టి "కొండ పైన మరో కొండ ఉంది" అని పొడుపుకథ వేశారు.

సరదా ఎంతోకాలం సాగలేదు. 951లో మురకామి చక్రవర్తి ఐదుగురు పండితుల్ని కూర్చోబెట్టి, మన్యోషూ ఎలా చదవాలో తేల్చమన్నాడు. రెండు వందల ఏళ్ళు తిరక్కుండానే సొంత భాషలోని సొంత కవిత్వం వాళ్ళకి చదవరాకుండా పోయింది. అందులో నుకతా రాకుమారి రాసిన ఒక కవిత మొదటి పాదాల్ని ఈ రోజుకీ ఎవరూ ఖాయంగా చదవలేకపోయారు. అక్షరాలన్నీ తెలిసినవే, చెక్కుచెదరకుండా ఉన్నవే. వాటిలో ఏది శబ్దమో ఏది అర్థమో చెప్పే మనిషే లేడు.

ఈలోగా అవసరమే ఇంకో దారి తీసింది. శబ్దం కోసం మళ్ళీమళ్ళీ వాడే అక్షరాల్ని రోజూ పూర్తిగా ఎవరు రాస్తారు? పుస్తకాల అంచుల్లో ఇరుకుగా గుర్తులు పెట్టుకునే భిక్షువులు అక్షరంలో ఒక ముక్కే రాసి మిగతాది వదిలేశారు. అది కతకానా అయింది. ఉత్తరాలూ పద్యాలూ రాసేవాళ్ళు కలం ఎత్తకుండా గొలుసుకట్టుగా రాసి రాసి అక్షరాన్ని కరిగించేశారు. అది హిరగానా అయింది. "కలుపు" అనే అర్థమున్న "క" అక్షరం ఒకటుంది. దాని ఎడమ సగం కతకానా "క". అదే అక్షరం వేగంగా రాయగా మెలికలు తిరిగి హిరగానా "క". రెండింటిలోనూ కలపడం అన్న అర్థం ఆవిరైపోయింది. కొరియా భిక్షువులు వాడిన పొట్టి గుర్తుల్లో కొన్ని అచ్చం కతకానాలా ఉంటాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న వాదం పండితుల మధ్య ఇంకా నడుస్తోంది.

ఈ కొత్త అక్షరాల్ని ఏ వరసలో చెప్పుకుంటారో చూడండి. అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న హ మ య ర వ. అప్పట్లో "స" వరస చకారానికి దగ్గరగా, "హ" వరస పకారంగా పలికేవారని భాషావేత్తల అంచనా. ఆ రెండూ సరిచేసుకుని మళ్ళీ చదవండి. మన కచటతపలే! సిద్ధం లిపిలో సంస్కృతం నేర్చుకున్న బౌద్ధ భిక్షువులు కంఠం నుంచి పెదవుల దాకా వచ్చే మన వర్ణక్రమాన్ని అక్కడ పెట్టారు. 804లో చైనా వెళ్ళిన కూకై అనే భిక్షువు చాంగాన్ నగరంలో ప్రజ్ఞ అనే పండితుడి దగ్గర సంస్కృతం చదువుకుని ఆ విద్యని జపాన్‌కి తీసుకెళ్ళాడు. గుర్తుల ఆకారం చైనాది, వాటి వరస ఇండియాది. ఇవాళ జపనీస్ నిఘంటువు తెరిచినా ఆ వరసే.

హిరగానాకి అప్పట్లో ఇంకో పేరు "ఆడవాళ్ళ చెయ్యి", అంటే ఆడవాళ్ళ దస్తూరి. చైనీస్ మగవాళ్ళ చదువు, ఉద్యోగం, హోదా. మురసకి షికిబు తన డైరీలో ఒక సంగతి రాసుకుంది. తమ్ముడో అన్నో చైనీస్ పాఠం చదువుతుంటే పక్కన వింటూ తనే ముందు నేర్చేసుకునేది. ఇది మగపిల్లాడై పుట్టలేదే అని తండ్రి బాధపడేవాడు. పెద్దయ్యాక అంతఃపురంలో, తెర మీద రాసి ఉన్న చైనీస్ ముక్క కూడా చదవరానట్టు నటించేది. మహారాణికి చైనీస్ కవిత్వం రహస్యంగా పాఠం చెప్పేది. ఆమె 11వ శతాబ్దం మొదట్లో రాసిన గెంజి కథ ఆ "ఆడవాళ్ళ చేతి" తోనే వచ్చింది. చిన్న మాటలు, వాక్యం చివర వచ్చే అనుమానాలు, మన్ననలు, నిట్టూర్పులు, ఇవన్నీ పూర్తిగా రాయడానికి వీలున్న లిపి అదొక్కటే. మనసులో తిరిగే మాటని రాయాలంటే ప్రత్యయాలు కావాలి. అంతకు ముందే, 935 ప్రాంతంలో, కి నో త్సురయుకి అనే పెద్దమనిషి ఒక ప్రయాణపు డైరీని ఆడమనిషి గొంతుతో రాశాడు. తన భాషలో రాయాలంటే మగవాడు ఆడవేషం కట్టాల్సి వచ్చిందన్నమాట. హిరగానా "అ" కి మూలమైన అక్షరంలో ఇంటి కప్పు కింద ఒక స్త్రీ ఉంటుంది. దాని అర్థం "ప్రశాంతత". ఆ ప్రశాంతత ఎవరిదో ఆ అక్షరం చెప్పదు.

అలాగని జపాన్‌వాళ్ళు చైనా అక్షరాల్ని వదులుకోలేదు. మాటకి కాండం కంజీలో, తోక హిరగానాలో. "వెళ్ళు" గుర్తు ఒకటే, దాని తోక మార్చుకుంటూ వెళ్తాను, వెళ్ళను, వెళ్ళాను. మన "15న"ని భాష మొత్తానికి పెంచిన వ్యవస్థ ఇది. ప్రభుత్వపు నిత్యవ్యవహార జాబితాలో ఇప్పుడు 2,136 కంజీలున్నాయి. చాలావాటికి కనీసం రెండు చదువులు, ఒకటి చైనా నుంచి వచ్చినది, ఒకటి సొంతం. మన తత్సమం, దేశ్యం లాగా. కొండ గుర్తు విడిగా ఉంటే "యమ", కొన్ని పేర్ల చివర ఉంటే "సన్". ఫుజి-సన్ అంటే "ఫుజి గారు" అని చాలామంది మురిసిపోతుంటారు. ఆ సన్ వేరు, ఈ సన్ వేరు. ఇది కొండ.

ఇక కొరియా. అక్కడ కథ గుమాస్తాలది. చైనా అక్షరాల్ని కొరియన్ వరసలో పేర్చి, మధ్యమధ్యలో విభక్తుల కోసం కొన్ని అక్షరాల్ని శబ్దంగా వాడే పద్ధతిని ఇదు అనేవాళ్ళు. సిల్లా రాజ్యపు పండితుడు సొల్ చొంగ్ దాన్ని ఏర్పరిచాడని సంప్రదాయం చెబుతుంది. కవిత్వం పండితులకి చైనీస్‌లోనే, కాని పొలం పత్రాలు, ఫిర్యాదులు, తీర్పులు ఇదులో. 1395లో చైనా మింగ్ వంశపు చట్టాన్ని ఇదులోకి తర్జుమా చేశారు, గుమాస్తాలకి అర్థం కావాలి కదా. 19వ శతాబ్దం దాకా కచేరీల్లో అది బతికింది. మన కరణాల గొలుసుకట్టు లెక్కల్లాగా, పండితులకి చిన్నచూపు, అది లేకపోతే పాలన నడవదు.

సిల్లా కాలపు పాటలు, హ్యాంగ్‌గా అంటారు, ఇదే పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్ళాయి. మిగిలినవి 25 మాత్రమే. నేను మొదట్లో చెప్పిన రైలుబండి వీటిలోనే ఉంది. మనసుకి పాత కొరియన్ మాట "మ"తో మొదలై "మ్"తో ముగుస్తుంది. ఆ మాటని ఎలా రాశారంటే, ముందు మన నాలుగు గీతల గుండె, దాని పక్కన "ధ్వని" అనే అర్థమున్న అక్షరం. ఆ రెండోదాన్ని కొరియాలో "ఉమ్" అంటారు. ధ్వని అన్న అర్థం ఇక్కడ అక్కర్లేదు, చివరి మకారం కోసం తెచ్చారు. ఈ గుండెని చైనీస్ మాటగా చదవొద్దు, మకారంతో ముగిసే మన మాటగా చదవండి అని చెప్పడమన్నమాట. "3" పక్కన "గురు" రాస్తే మూడు కాస్తా ముగ్గురయినట్టు.

ఎంత తెలివైనదైనా ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. కొరియన్ రాయాలంటే ముందు చైనీస్ రావాలి. చైనీస్ వచ్చినవాడికి కొరియన్ రాయాల్సిన పని పెద్దగా లేదు. 1443లో సెజోంగ్ రాజు 28 అక్షరాల కొత్త లిపి తయారుచేసింది ఈ ముడి విప్పడానికే. ప్రకటించింది 1446లో. మధ్యలో 1444లో చ్వే మల్లి అనే పండితుడు, కొందరు సహచరులతో కలిసి రాజుకి ఒక అభ్యంతర పత్రం పెట్టాడు. సొంత లిపి ఉన్నవాళ్ళు ఎవరు? మంగోలులు, టాంగుట్లు, జుర్చెన్లు, జపాన్‌వాళ్ళు, టిబెటన్లు, అందరూ అనాగరికులు. మనం చైనా నాగరికతని వదిలి వాళ్ళ పక్కన కూర్చుంటామా? ఇదు మోటుదే కావచ్చు, కాని దానివల్ల గుమాస్తా కూడా చైనా అక్షరాలు నేర్చుకుంటాడు, కొత్త లిపి వస్తే ఆ చదువు ఎవరికి కావాలి? వాదనలో తర్కం లేకపోలేదు. మన గ్రాంథిక వ్యావహారిక గొడవలో వినిపించినవి గుర్తొస్తే అది మీ తప్పు కాదు. సెజోంగ్ జవాబు సూటిగా ఉంది. ఇదుని కల్పించింది కూడా ప్రజల సౌకర్యానికే కదా, సొల్ చొంగ్ చేస్తే ఒప్పు, మీ రాజు చేస్తే తప్పా? అని అడిగి, ఆ పెద్దల్ని ఒక రోజు ఖైదులో కూర్చోబెట్టి మర్నాడు వదిలేశాడు.

రాజు గెలిచాడు గాని, చ్వే మల్లి ఓడిపోయాడని అనలేం. ఆ తర్వాత నాలుగు వందల యాభై ఏళ్ళు ప్రభుత్వం, పరీక్షలు, పాండిత్యం చైనీస్‌లోనే నడిచాయి. కొత్త లిపిని "ఆడవాళ్ళ రాత" అని వెక్కిరించేవాళ్ళు. అదే మాట, అదే వెక్కిరింత, సముద్రానికి ఈ ఒడ్డున. ఆ వెక్కిరింత కిందే ఉత్తరాలు, నవలలు, పాటలు పెరిగాయి. ప్రభుత్వ పత్రాల్లో దానికి గౌరవం దొరికింది 1894 సంస్కరణల్లో.

చ్వే మల్లి జాబితాలో ఉన్న టాంగుట్ల గురించి ఒక్క మాట. 1036లో వాళ్ళ రాజ్యం ఆరు వేల దాకా అక్షరాలతో సొంత లిపి ప్రకటించింది. దూరం నుంచి చూస్తే అచ్చం చైనీస్. దగ్గరికెళ్తే ఒక్కటి కూడా చైనీస్ అక్షరం కాదు, అన్నీ కొత్తగా కట్టినవి, చాలావరకు చైనీస్ కన్నా చిక్కటివి. అరువు తెచ్చుకోవడం నామోషీ అయినప్పుడు మనుషులు ఎంత శ్రమ పడతారో దానికి ఇదొక కొలత. రాజ్యం పోయింది, భాష పోయింది. 20వ శతాబ్దంలో ఎడారిలో పూడుకుపోయిన ఖర ఖోతో పట్టణంలో పుస్తకాల గుట్ట దొరికితే పండితులు మళ్ళీ మొదటి నుంచి చదవడం నేర్చుకున్నారు.

వియత్నాం అవస్థ వేరే అన్నాను. వాళ్ళ భాష చైనీస్‌లాగే, మాట రూపం మారదు, స్వరాలున్నాయి. తోకల బాధ లేదు. వాళ్ళ బాధ సొంత మాటలది. చైనా పద్ధతిలోనే, అర్థం ముక్కా శబ్దం ముక్కా అతికించి వేల కొత్త అక్షరాలు చేసుకున్నారు. వాటిని చునోమ్ అంటారు. మూడుని వాళ్ళ భాషలో "బా" అంటారు. అందుకని "బా" అని పలికే అక్షరం పక్కన చైనీస్ మూడు. ఆకాశాన్ని "చెయి" అంటారు. దానికి శబ్దం ఊసే లేదు, "ఆకాశం" అక్షరం కింద "పైన" అన్న అక్షరం పెట్టారు. గుండెకి, లోపలి మనసుకి "లొంగ్" అని సొంత మాట. "ఆడుకోవడం" అన్న అర్థముండి "లొంగ్" అని పలికే అక్షరాన్ని తీసుకుని దానికి గుండె గుర్తు తగిలించారు. మళ్ళీ మన నాలుగు గీతలే, ఈసారి ఒక మూలకి ఒదిగి, శబ్దానికి చోటిచ్చి.

13వ శతాబ్దంలో హాన్ థుయెన్ అనే మంత్రి ఎర్రనదిలోకి వచ్చిన మొసలికి ఒక రాత రాసి నీళ్ళలో వేస్తే అది వెళ్ళిపోయిందని చరిత్ర గ్రంథం చెబుతుంది. ఆయన దేశభాషలో కవిత్వం చెప్పేవాడనీ, ఆయన్ని చూసే చాలామంది మొదలుపెట్టారనీ అదే చోట రాసి ఉంది. 19వ శతాబ్దం మొదట్లో ఙుయెన్ జూ (మన వర్ణమాలలో ఖాళీగా కూర్చున్న ఙకి ఇన్నాళ్ళకి పని దొరికింది) 3,254 పాదాల కియెవ్ కథని చునోమ్‌లో రాశాడు. అంతటి కావ్యం ఆ భాషలో ఇంకోటి లేదంటారు. హో సువాన్ హువొంగ్ అనే కవయిత్రి పండితుల్నీ సన్యాసుల్నీ కొంటె శ్లేషలతో ఆడుకుంది అదే లిపిలో. కాని కొరియాలోని మెలికే ఇక్కడ ఇంకా గట్టిది. చునోమ్ చదవాలంటే ముందు చైనీస్ రావాలి, ఆపైన ఇది అదనపు చదువు. కియెవ్ కథ రైతులకి కంఠస్థం, అక్షరంగా మాత్రం వాళ్ళకి అందలేదు.

ఇంకో దారి ఓడలో వచ్చింది. జెసూట్ మిషనరీలు ప్రార్థనలు నేర్పడానికి వియత్నామీస్‌ని రోమన్ అక్షరాల్లో రాసుకున్నారు. 1651లో అలెగ్జాండర్ ద రోడ్ నిఘంటువు రోమ్‌లో అచ్చయింది. తర్వాత ఫ్రెంచ్ ప్రభుత్వం ఆ లిపిని నెత్తికెత్తుకుంది, జనాన్ని చైనా పుస్తకాల నుంచి విడదీయొచ్చన్న లెక్కతో. విచిత్రం ఏమిటంటే 1907లో హనోయ్‌లో జాతీయవాదులు నడిపిన బడి కూడా ఆ లిపినే నెత్తికెత్తుకుంది, జనానికి త్వరగా వస్తుందన్న లెక్కతో. 1919లో చివరి సంప్రదాయ పరీక్ష జరిగింది. 1945 సెప్టెంబర్లో స్వతంత్ర ప్రభుత్వం ఏర్పడ్డ కొద్దిరోజులకే, అందరూ రోమన్ లిపి నేర్చుకు తీరాలని ఆజ్ఞ.

ఇందులో నష్టం లేదంటే అబద్ధం. ఇవాళ హనోయ్ కుర్రాడికి ఊరి గుడి మీద రాత, ముత్తాత సమాధి రాయి, ఙుయెన్ జూ పుస్తకపు పాత ప్రతి, మూడూ బొమ్మలే. కియెవ్ కథని రోమన్ లిపిలోనే చదువుతాడు. అందులో కొన్ని చోట్ల ఒక్కో సంపాదకుడు ఒక్కో మాట పెడతాడు, ఎందుకంటే ఆ చునోమ్ అక్షరాన్ని ఇలాగే పలకాలని చెప్పేవాళ్ళు లేరు. అయినా నన్నడిగితే, 1945లో ఆ ఆజ్ఞ ఇచ్చినవాళ్ళ వైపే మాట్లాడతాను. వెయ్యిమందిలో తొమ్మిది వందలకి పైగా మనుషులకి ఆ గుడి రాత ముందు కూడా బొమ్మే. వాళ్ళు పోగొట్టుకున్నది వాళ్ళ దగ్గర ఎప్పుడూ లేదు.

కొత్త సంవత్సరం, తేత్ పండగ రోజుల్లో హనోయ్‌లోని పాత విద్యాలయం, సాహిత్య దేవాలయం బయట, నల్లటి తలపాగాలతో ముసలివాళ్ళూ కుర్రాళ్ళూ ఎర్ర కాగితం, సిరా పెట్టుకుని కూర్చుంటారు. జనం వరసలో నిలబడి ఒక్క అక్షరం రాయించుకుని ఇంటికి తీసుకెళ్ళి గోడకి తగిలించుకుంటారు. చదవడం రాదు కాబట్టి ఏది కావాలో నోటితో చెప్తారు. శుభం అడిగేవాళ్ళుంటారు, ఓర్పు అడిగేవాళ్ళుంటారు, మనసు అడిగేవాళ్ళు చాలామంది. రాసేవాడు ఒక వంపు గీసి చుట్టూ మూడు చుక్కలు పెట్టి, ఎటువైపు పైకి ఉండాలో చూపించి ఇస్తాడు. ఈమధ్య కొందరు అదే కుంచెతో రోమన్ అక్షరాలే రాస్తున్నారు, టి, ఎ, ఎమ్, ఎ పైన చిన్న గుర్తు, కాని వాటిని వరసగా రాయరు. గుండ్రంగా వంచి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పక్కనున్న చైనా అక్షరం ఎంత చోటు తీసుకుందో అంతే చదరంలో ఇరికిస్తారు.